777 పెట్టే ముందు

ఒరే అల్లుడూ,

నీ మెసేజీ చూశాను. కాశీబుగ్గ గోడౌన్లో పెట్టిన కొత్త మెషిన్ నుంచి జీడిపప్పు గ్రేడింగు షీట్లు సర్వర్లో సేవ్ అవట్లేదని, షేర్డ్ ఫోల్డరుకి 777 (అంటే అందరికీ అన్ని హక్కులూ) పెట్టీశావని, అయినా మొరాయిస్తోందని రాశావు. ముందు ఆ 777 తీసీయ్. అదుంటే ఎవడు పడితే వాడు లెక్కలు చెరిపీగలడు, అసలు రోగం మాత్రం అక్కడే ఉంటాది.

ఇంతా రాసి, తెర మీద ఏటని వచ్చిందో రాయలేదు. "పర్మిషన్ డినైడ్" వేరు, "రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్" వేరు, "నో స్పేస్ లెఫ్ట్" వేరు. ఆ స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం చెప్పే మాట నమ్మకు, అది దేనికైనా ఒకటే పాట పాడతాది. టెర్మినల్ తెరువు. ఆగిపోయిన మెషిన్లోనే, ఆగిపోయిన యూజరుగానే, అదే ఫోల్డర్లో టచ్ కమాండుతో ఒక ఫైలు పుట్టించు, తర్వాత అందులో నాలుగు ముక్కలు రాయి. ఫైలు పుట్టి అక్షరం పడకపోతే స్థలం సంగతి చూడాలి. అసలు పుట్టకపోతే చాలామట్టుకు హక్కుల గొడవే.

రూటుగా (అన్ని హక్కులూ ఉన్న పెద్ద యూజరుగా) మాత్రం పరీక్షించకు. ఫోల్డర్లని నెట్‌వర్కు మీద పంచే ఎన్ఎఫ్ఎస్ సర్వర్లో రూట్ స్క్వాష్ అనే కట్టడి ఎవరూ పెట్టకపోయినా ఉంటాది. క్లయింటు (అంటే ఆ ఫోల్డరు వాడుకునే మెషిన్) నుంచి వచ్చిన రూటుని అది "నోబడీ"గా మార్చీస్తాది. నీ మెషిన్లో నువ్వు రాజువే గానీ, సర్వరు గుమ్మంలో అనామకుడివి.

పర్మిషన్ డినైడ్ అంటే నేను ముందు చూసేది అంకెలు. మనలాంటి మామూలు సెటప్పులో సర్వరు హక్కులు చూసేది పేరుని బట్టి కాదు, యూజర్ ఐడి అంకెని బట్టి. గోడౌన్ మెషిన్లో ఐడి కమాండు కొట్టు, సర్వర్లో అదే పేరుకి కొట్టు. ఇక్కడ 1001, అక్కడ 1003 వచ్చిందనుకో, దొంగ దొరికినట్టే. కొత్త మెషిన్లో యూజర్లని వేరే వరసలో చేసుంటారు, లినక్సు 1000 నుంచి వరసగా అంకెలేసుకుంటూ పోయుంటాది. ఫోల్డర్లో ఎల్ఎస్ -ఎల్ఎన్ కొడితే పేర్ల బదులు అంకెలే కనిపిస్తాయి, అబద్ధమాడవు. ఒకే మనిషిని 16 గ్రూపుల కంటే ఎక్కువలో చేర్చినా ఇదే తంతు, పైనున్నవి సర్వరుదాకా వెళ్లవు. మీ ఆఫీసులో అన్ని గ్రూపులు లేవులే.

రీడ్ ఓన్లీ అని వస్తే సర్వర్లో ఏ ఫోల్డరు ఎవరికి పంచాలో రాసుండే ఎక్స్‌పోర్ట్స్ ఫైలు కళ్లజోడు పెట్టుకుని చూడు. క్లయింటు అడ్రసుకీ బ్రాకెట్లో ఉన్న ఆర్‌డబ్ల్యూకీ (చదివే, రాసే హక్కు) మధ్య ఒక్క ఖాళీ పడిందా, అర్థం తిరగబడిపోతాది: నీ మెషిన్‌కి చదివే హక్కే, ఊళ్లో మిగతావాళ్లకి రాసే హక్కు! ఖాళీ చెరిపి, ఎక్స్‌పోర్ట్‌ఎఫ్ఎస్ -ఆర్ఏ కొట్టు, మార్పు అమల్లోకి వస్తాది. అది సరిగ్గానే ఉంటే సర్వరు డిస్కు వైపు తిరుగు. కరెంటు ఊరకే పోయే చోట ఫైల్ సిస్టమ్‌లో తప్పు దొర్లితే, లినక్సు తనంతట తనే దాన్ని రీడ్ ఓన్లీగా మార్చుకోవచ్చు. లినక్సు లోపలి సందేశాలు చూపే డీమెసేజ్ కమాండులో కనబడతాది. అప్పుడు బలవంతంగా రాసే హక్కుతో మౌంట్ చెయ్యకు (సిస్టమ్‌కి తగిలించకు), ముందు బ్యాకప్పు తీసుకో.

స్థలం లేదంటే మిగిలిన జీబీలు చూపే డీఎఫ్ -హెచ్ ఒక్కటే చూసి ఊరుకోకు, డీఎఫ్ -ఐ కూడా చూడు. చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో పేరుకుంటే జీబీలు మిగిలున్నా ఐనోడ్లు (ఒక్కో ఫైలుకి ఒకటి చొప్పున పట్టే నమోదులు) అయిపోతాయి.

అసలు భయపడాల్సింది ఇంకోటుంది. రాసిన డేటా వెంటనే సర్వరుకి చేరదు, ముందు క్లయింటు మెమరీలో ఆగుతాది. అందుకే తప్పు కొన్నిసార్లు ఫైలు మూసేటప్పుడు గానీ బయటపడదు, ఆ జవాబు చూసుకోని ప్రోగ్రాములు "సేవ్డ్" అనీసి ఊరుకుంటాయి. మౌంట్ ఆప్షన్లలో సాఫ్ట్ అని ఉంటే మరీ ప్రమాదం: సర్వరు కాసేపు పలక్కపోతే క్లయింటు రాత మధ్యలోనే చేతులెత్తీస్తాది, షీటు సగమే మిగలొచ్చు. హార్డ్ పెట్టు. సర్వరు లేచేదాకా ప్రోగ్రాం బిగుసుకుపోయి కూర్చుంటాది, మీ యజమాని తిడతాడు. తిట్టనీ.

ఎర్రర్ అక్షరం పొల్లుపోకుండా, రెండు వైపుల ఐడి జవాబు, మౌంట్ కమాండులో ఆ షేరు లైను పంపించు. ఫోన్లోనే తేల్చీవచ్చు. తెర ఫొటో తీసి పెట్టకు, టెక్స్టుగానే పంపు, నా కళ్లకి ఆ ఫొటోలు ఆనవు.

మీ మావయ్య,
శ్రీకాకుళం