అత్తగారి గంగాళం, కోడలి ఖాళీ హాలు

ప్రశ్న: హైదరాబాద్‌లో మాది 1,200 చదరపు అడుగుల ఫ్లాట్. ఏడాది కిందట ఇల్లంతా మినిమలిస్ట్ పద్ధతిలో చేయించుకున్నాం. తెల్ల గోడలు, హాల్లో ఒక సోఫా, అంతే. ఈమధ్య మామగారు పోయారు. అత్తయ్య ఊళ్లో ఇల్లు అమ్మేసి మా దగ్గరికి వచ్చారు. ఇత్తడి బిందెలు, గంగాళం, బొమ్మల కొలువు పెట్టె కూడా వచ్చాయి. నెల రోజులు ఓపిక పట్టి, ఆవిడ గుడికి వెళ్లినప్పుడు గంగాళం, రెండు బిందెలు కాటా వేయించి అమ్మేశాను. అప్పటి నుంచి నాతో మాటల్లేవు. మావారు ఎటూ చెప్పలేక టెన్షన్ పడుతున్నారు. నా ఇల్లు నాకు నచ్చినట్టు ఉంచుకోవడం తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. ఆవిడ గుడికి వెళ్లే వేళ చూసి అమ్మడం తప్పు. అడిగితే ఒప్పుకోరని మీకు తెలుసు కాబట్టే కదా ఆ వేళ చూసుకున్నారు!

ముందు ఈరోజే ఆ పాత సామాన్ల కొట్టుకు వెళ్లండి. ఇత్తడి కరిగించడానికి పంపకపోతే, నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇచ్చి తెచ్చుకోండి. దొరికినా దొరక్కపోయినా ఆవిడతో మాట్లాడాల్సింది మీరే, మీవారు కాదు. 'స్థలం లేక' అని మొదలుపెట్టకండి. 'మిమ్మల్ని అడక్కుండా అమ్మేశాను, తప్పయిపోయింది అత్తయ్యా' అనండి, చాలు. భర్త పోయారు, ఊరు వదిలారు, ఇల్లు అమ్మేశారు. ఆవిడకు మిగిలింది ఆ సామానే.

ఇక ఇంటి సంగతి. ఫోటోల్లో చూసి మనం ముచ్చటపడే పాతకాలం జపాన్ గదులు ఖాళీగా కనబడేది సామాను లేక కాదు. రాత్రి పరుచుకున్న పరుపులు పొద్దున్నే మడిచి 'ఓషిఇరె' అనే గోడ అరలో పెట్టేస్తారు. కలిగినవాళ్లకు మందపాటి మట్టిగోడలతో 'కురా' అనే సామాను దాచే కొట్టుగది విడిగా ఉండేది. గదిలో 'టోకొనోమా' అనే గూట్లో ఒక పటం, ఒక పూలపాత్ర మాత్రమే, అవీ రుతువును బట్టి మారుస్తారు. మన ఊళ్ల పెంకుటిళ్లూ ఇంచుమించు అంతేగా! వసారాలో ఒక బల్ల, మిగతాదంతా కొట్టుగదిలోనో అటక మీదో. మీ ఫ్లాట్‌లో తక్కువైంది ఆ కొట్టుగదే. (ఫాల్స్ సీలింగ్‌లో లైట్లెన్ని కావాలో అడుగుతారు గానీ బియ్యం డబ్బా ఎక్కడ పెట్టాలో ఒక్క డిజైనరూ అడగరు. నాకు ఈ కోపం పాతదే.)

అత్తయ్య గదిలో ఒక గోడకు కింద నుంచి పైదాకా అలమార కట్టించండి. తలుపులకు గోడ రంగే వేయించండి. లోపల ఏముండాలన్నది ఆవిడ ఇష్టం, ఆ తలుపు మీరు తెరవకండి. హాల్లో ఆవిడ వస్తువు ఒక్కటి పెట్టండి, ఏదన్నది ఆవిడే చెబుతారు. చింతపండుతో తోమిన బిందెకు తెల్ల గోడ బాగా నప్పుతుంది కూడా. సంక్రాంతికి మాత్రం హాలు కొలువుకే. మూడు మెట్లో అయిదు మెట్లో మీ చేత్తోనే అమర్చండి.

కొన్నాళ్లకు ఆవిడే కొన్ని ఎవరికైనా ఇచ్చేద్దామనొచ్చు. ఆ మాట ఆవిడ నోటి నుంచే రావాలి. మీవారికి మాత్రం ఇప్పుడే పని చెప్పండి: వడ్రంగిని పిలిచి గోడ కొలతలు తీయించడం. బొమ్మల పెట్టె కొలత కూడా తీసుకోమనండి.