బెంగళూరులో 95, డల్లాస్‌లో 87: ట్రక్కుకి ఏది కొట్టించాలి?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. ఉద్యోగం మీద డల్లాస్ వెళ్తున్నాను. అక్కడ బావగారు తమ 3.5 లీటర్ల ఎకోబూస్ట్ ఫోర్డ్ ఎఫ్-150 రాప్టర్ పికప్ ట్రక్కు నన్ను వాడుకోమన్నారు. ఇక్కడ నా కారుకి ఎక్స్‌పీ95 పెట్రోలు తప్ప వేరేది కొట్టించను. అక్కడ 87 కూడా అమ్ముతారట. ఇంజిన్ పాడవదా? మైలేజీ ఎంత వస్తుంది?

జవాబు: 87 అంకె చూసి భయపడకండి. ఈ అంకె ఆక్టేన్, అంటే తనంతట తానే అంటుకోకుండా పెట్రోలు ఎంత తట్టుకుంటుందో చెప్పేది. మన బంకుల్లో చెప్పే 91, 95 రాన్ అనే కొలత లెక్క. అమెరికా పంపు మీద పసుపు స్టిక్కర్‌లో ఉండేది రాన్, మాన్ అనే రెండు కొలతల సగటు. అందుకే అదే పెట్రోలుకి అక్కడ అంకె నాలుగైదు తక్కువ పడుతుంది. అక్కడి 87 ఇంచుమించు మన లెక్కలో 91. అక్కడి 91 మన 95కి, టెక్సస్‌లో దొరికే 93 మన 98కి దగ్గర.

ఈ ఇంజిన్‌కి 87 చాలునని కంపెనీ మాన్యువలే చెబుతుంది. ట్రైలర్ లాగుతున్నా, ఎండలో బరువుతో వెళ్తున్నా ప్రీమియం, అంటే 91, 93 లాంటి ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు వాడమంటుంది. కారణం ఎకోబూస్ట్ ఇంజిన్‌లోని టర్బో. అది గాలిని ఒత్తి సిలిండర్‌లోకి నెట్టినప్పుడు వేడి పెరిగి, స్పార్క్ అంటించిన మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు టకటకమనే శబ్దం అదే, దాన్నే నాకింగ్ అంటారు. నాక్ సెన్సర్ దాన్ని పసిగట్టగానే కంప్యూటర్ స్పార్క్‌ని ఆలస్యం చేస్తుంది. ఇంజిన్ బతుకుతుంది కానీ శక్తి తగ్గి, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కాబట్టి ఆఫీసుకి 87, పడవ లాగే రోజున 93. సగం ట్యాంకు 87 ఉండగా మిగతా సగం 93 నింపితే 90 అవుతుంది, కలపడం తప్పు కాదు.

డబ్బు సంగతి. ప్రీమియం తప్పనిసరి కాకుండా, వాడితే మంచిదని మాత్రమే చెప్పే బళ్లని అమెరికా వాహనదారుల సంస్థ ఏఏఏ 2017లో పరీక్షిస్తే మైలేజీ సగటున 2.7 శాతమే పెరిగింది. ధర తేడా అంతకంటే చాలా ఎక్కువ. మైలేజీ కోసం ప్రీమియం కొట్టించడం దండగ. అయితే ట్యాంకు మూత దగ్గర ప్రీమియం తప్పనిసరి అని రాసి ఉన్న బండికి ఈ లెక్క పనికిరాదు.

ఎత్తైన కొండల రాష్ట్రం కొలరాడో వైపు వెళ్తే 85 కనబడుతుంది. ముట్టుకోవద్దు. ఎత్తులో గాలి పలచబడుతుంది కాబట్టి పాత ఇంజిన్లకి అది సరిపోయేది. టర్బో ఆ లోటుని పూడ్చేస్తుంది, నాకింగ్ ముప్పు అలాగే ఉంటుంది. ఇథనాల్ ఎక్కువగా కలిపిన ఈ85 కూడా ఈ బండికి కాదు.

మైలేజీ లీటరుకి కిలోమీటర్లలో తెలియాలంటే, గ్యాలన్‌కి ఎన్ని మైళ్లో ఆ అంకెని 0.425తో గుణించండి. 2021 రాప్టర్‌కి అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏ ఇచ్చిన సగటు 16, అంటే లీటరుకి 6.8 కిలోమీటర్లు. స్క్రీన్ మీది అంకెని నమ్మకుండా మీరే కొలవండి: పంపు తనంతట తాను ఆగేదాకా నింపి ట్రిప్ మీటరు సున్నా చేయండి, మళ్లీ అదే పంపులో అలాగే నింపి, తిరిగిన మైళ్లని పట్టిన గ్యాలన్లతో భాగించండి. మూడు ట్యాంకుల సగటు తీస్తేనే నిజం తెలుస్తుంది. బావగారు 35 అంగుళాల టైర్లు తీసి 37 వేయించి, కంప్యూటర్‌లో ఆ సైజు మార్చకపోతే మీటరు తక్కువ చూపిస్తుంది. మైళ్లని 1.057తో గుణించాకే భాగించండి.

టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు తలుపు చట్రం మీది స్టిక్కర్ ప్రకారం చూసుకోండి. ఇంత ఎత్తు, వెడల్పు ఉన్న బండికి హైవేలో గాలే పెద్ద శత్రువు. 75 మైళ్ల వేగాన్ని 65కి దించితే వచ్చే లాభం ఏ ఆక్టేనూ ఇవ్వదు.