టెక్ సందేహాలు: చలి ‘చేసే’ భాషను ఫోన్‌లో నేర్చుకోవడం

మా అమ్మాయి సెప్టెంబరులో పై చదువుకు మాడ్రిడ్ వెళ్తోంది. వాతావరణానికి, దుస్తులకు సంబంధించిన స్పానిష్ మాటలను ఫ్లాష్‌కార్డుల యాప్‌లో బట్టీ పట్టింది. మాట అడిగితే అర్థం చెబుతోంది కానీ వాక్యం చెప్పమంటే తడబడుతోంది. యాప్ మార్చాలా? – ఒక పాఠకుడు, హనుమకొండ

యాప్‌ను మార్చనక్కరలేదు, కార్డు మీద రాసేదాన్ని మార్చాలి. ఇలాంటి కార్డుల్లో ఎక్కువ భాగం ఒకవైపు ఇంగ్లిష్ మాట, రెండోవైపు స్పానిష్ మాట ఉంటాయి. వాతావరణం దగ్గర ఈ పద్ధతి బెడిసికొడుతుంది, ఎందుకంటే స్పానిష్‌లో ఈ మాటలు ఒంటరిగా తిరగవు, ఒక్కొక్కటి తన క్రియను వెంటబెట్టుకుని వస్తుంది. బయట చలిగా ఉంటే ‘ఆథే ఫ్రీయో’ అంటారు, అంటే అక్షరాలా ‘చలి చేస్తోంది’ అని. తనకే చలేస్తుంటే ‘తెంగో ఫ్రీయో’ అనాలి, అంటే ‘నా దగ్గర చలి ఉంది’ అన్నట్టు. మబ్బు పడితే ‘ఎస్తా నుబ్లాదో’, పొగమంచు కమ్మితే ‘ఆయ్ నియెబ్లా’. ఇంగ్లిష్‌లో వీటన్నిటినీ ఒకే క్రియతో నెట్టుకురావచ్చు కనుక ఆ దారిన వెళ్లినవారు తడబడతారు. మనకు ఎండ కాస్తుంది, గాలి వీస్తుంది, చలి వేస్తుంది, మబ్బు పడుతుంది, మంచు కురుస్తుంది. ఏ మాటకు ఏ క్రియో జంటగా గుర్తుపెట్టుకోవడం మనకు చిన్ననాటి అలవాటే. కాబట్టి కార్డు ముందువైపు పూర్తి తెలుగు వాక్యాన్ని, వెనుకవైపు పూర్తి స్పానిష్ వాక్యాన్ని రాయించండి. ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్ వాడుతున్నట్లయితే ‘క్లోజ్’ (ఖాళీ పూరించే) రకం కార్డును ఎంచుకుని, నామవాచకాన్ని కాక క్రియను దాచమనండి.

ఒక హెచ్చరిక. ఉక్కపోస్తోందని చెప్పడానికి ఇంగ్లిష్ వాక్యాన్ని మాటకు మాట మార్చి ‘ఎస్తోయ్ కాలియెంతే’ అంటే, వినేవారికి అది కామోద్రేకంగా అర్థమవుతుంది. ‘తెంగో కాలోర్’ అనే కార్డును మొదటి రోజే చేర్చడం మంచిది.

దుస్తుల మాటలకు యాప్‌లోని బొమ్మల కంటే సొంత బీరువా మేలు. సూట్‌కేసులో పెట్టబోయే బట్టలను మంచం మీద పరిచి, పక్కన స్పానిష్ పేర్ల చీటీలు పెట్టి ఒక ఫోటో తీసి, ఆంకీలోని ‘ఇమేజ్ అక్లూజన్’ సదుపాయంతో ఒక్కొక్క దుస్తు పేరును కప్పిపెట్టవచ్చు, 23.10 వెర్షన్ నుంచి ఇది కంప్యూటర్ ఆంకీలోనే ఉంది, యాడ్-ఆన్ అవసరం లేదు. ‘అబ్రీగో’ ఓవర్‌కోటు, ‘బుఫాందా’ మఫ్లర్, ‘గ్వాంతెస్’ చేతి తొడుగులు, ‘పరాగ్వాస్’ గొడుగు, అంటే నీళ్లను ఆపేది. ఉన్ని టోపీని ‘గొఱ్ఱో’ అంటారు. ఉన్ని ఇచ్చే గొఱ్ఱెను తలుచుకుంటే ఆ మాట ఇక మరిచిపోరు, పైగా స్పానిష్‌వారి గట్టి ‘ర’ కోసం మన బండి ఱ నాలుకను సిద్ధం చేస్తుంది. రోజుకు 20 కొత్త కార్డులన్నది ఆంకీ తనంతట తాను పెట్టే సంఖ్య. ఉద్యోగానికో కాలేజీకో వెళ్లేవారు దాన్ని ఎనిమిదికి తగ్గించుకుంటే పునశ్చరణ కార్డులు కుప్పపడవు.

స్పెయిన్ వాతావరణ సంస్థ ఆయెమెత్ యాప్‌ను కూడా ఇప్పుడే ఫోన్‌లో వేయించండి. అందులోని హెచ్చరికలు మూడు మెట్లు: ‘అమరీయో’ పసుపు, ‘నరాంఖా’ నారింజ, ‘రోఖో’ ఎరుపు. నరాంఖా మన నారింజకు చుట్టమే. వీటితోపాటు ‘దానా’ అన్న మాటనూ నేర్చుకోవాలి. వాతావరణం పైపొరల్లో ప్రధాన గాలుల నుంచి విడివడి ఉండిపోయే అల్పపీడనానికి అది పొట్టిపేరు. 2024 అక్టోబరు 29న వాలెన్సియా ప్రాంతంలో రెండు వందల మందికి పైగా ప్రాణాలు తీసిన వరదలు దానా వల్ల వచ్చినవే. అక్కడ ఇలాంటి ఆపద హెచ్చరికలు నేరుగా మొబైళ్లకు వస్తాయి కనుక, ఫోన్‌లో అత్యవసర హెచ్చరికలను ఆపి ఉంచవద్దని చెప్పండి.

‘బూట్లు’ అన్న మాటను నా ఫోన్ ‘సపాతోస్’ అని పలుకుతోంది, వీడియో పాఠంలో మాత్రం ‘థపాతోస్’ అంటున్నారు. ఫోన్‌లో లోపమా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

లోపం కాదు. మీ ఫోన్‌లో ఉన్నది అమెరికా ఖండపు స్పానిష్ గొంతు, వీడియోలో వినిపించేది స్పెయిన్ దేశపు ఉచ్చారణ. సెట్టింగ్స్‌లో ‘టెక్స్ట్ టు స్పీచ్’ అని వెతికి, గూగుల్ ఇంజిన్ పక్కనున్న గేరు గుర్తును నొక్కి, వాయిస్ డేటాలో ‘స్పానిష్, స్పెయిన్’ను దించుకోండి. రెండూ సరైనవే కనుక వెళ్లబోయే దేశాన్ని బట్టి ఒకదానికి కట్టుబడండి. ఏ దేశపు గొంతైనా ‘త’, ‘ద’లు మన తకార దకారాలే. ఇంగ్లిష్ అలవాటుతో ‘టెంగో’ అనకండి.

డల్లాస్‌లో మా పొరుగువారు మెక్సికో నుంచి వచ్చారు. యాప్ నేర్పిన ‘చాకేతా’ అంటే నవ్వారు, జాకెట్‌ను ‘చమార్రా’ అనాలట. ఎండ ఎంతంటే నా ఫోన్ 95 డిగ్రీలు చూపిస్తుంటే వారు 35 అంటారు. ఏది సరి? – ఒక పాఠకురాలు, టెక్సస్

వారి నవ్వుకు కారణం ఉంది: మెక్సికో వీధి భాషలో ‘చాకేతా’కు అసభ్యమైన అర్థం కూడా ఉంది. అదే జాకెట్ అర్జెంటీనాలో ‘కంపేరా’. టీ-షర్టు స్పెయిన్‌లో ‘కామిసేతా’, మెక్సికోలో ‘ప్లాయేరా’, అర్జెంటీనాలో ‘రెమేరా’. అందుకే కార్డులకు దేశం పేరుతో ట్యాగ్ తగిలించి, మీకు పనికొచ్చే దేశాన్నే అభ్యాసం చేయండి. ఇక మీ 95, వారి 35 ఒకటే. ఫారెన్‌హీట్ నుంచి 32 తీసి, మిగిలినదాన్ని 5తో హెచ్చించి 9తో భాగిస్తే సెల్సియస్ వస్తుంది. వాతావరణ యాప్‌లో ప్రమాణాన్ని సెల్సియస్‌కు మార్చి, మెక్సికో సిటీని రెండో నగరంగా చేర్చుకోండి. ఆండ్రాయిడ్ 13 నుంచి ఫోన్ మొత్తాన్ని కదపకుండా ఒక్కొక్క యాప్‌కు వేరే భాష పెట్టుకోవచ్చు. యాప్‌లో ఆ ఏర్పాటు ఉంటే చాలు. వాతావరణ యాప్ ఒక్కదాన్ని స్పానిష్‌లోకి మార్చుకుంటే రోజూ పొద్దున్నే పాఠం దానంతట అదే కళ్లబడుతుంది.

‘ఎన్’ నెత్తిన అలలాంటి గీత ఉన్న స్పానిష్ అక్షరాన్ని టైపు చేయడమెలా? – ఒక పాఠకుడు, గుంటూరు

ఆ అక్షరం మన ఞ. రుతుపవనాల వార్తల్లో మనం ‘ఎల్ నినో’ అని రాసేది నిజానికి ‘ఎల్ నీఞో’, అంటే బాలుడు. క్రిస్మస్ వేళ సముద్రం వేడెక్కడం గమనించిన పెరూ జాలర్లు బాలయేసు పేరుతో పిలిచిన పిలుపు అది. ఫోన్‌లో ఇంగ్లిష్ కీబోర్డులోనే ‘ఎన్’ మీద వేలు నొక్కిపట్టి ఉంచితే పైన కనిపిస్తుంది. విండోస్‌లో ఆల్ట్ నొక్కి, కుడిపక్క అంకెల పలకపై 164 కొట్టాలి. ఆ పలక లేని ల్యాప్‌టాప్ అయితే భాషల సెట్టింగ్స్‌లో స్పానిష్ కీబోర్డును చేర్చుకోండి, అందులో ‘ఎల్’ పక్కనే ఆ అక్షరం ఉంటుంది.