రెండు కళ్లకు రెండు వేర్వేరు దృశ్యాలు చూపిస్తే రెండూ కలిసిపోతాయా? గీయని గీతలు ఎందుకు కనిపిస్తాయి?

కలిసిపోతాయనే నేనూ అనుకునేవాణ్ణి, కావలి దగ్గర రొయ్యల ల్యాబులో చేరేదాకా.

మాది ఒంటి కంటి మైక్రోస్కోపు. కొత్తలో ఎడమ కన్ను గట్టిగా మూసుకుని చూసేవాణ్ణి. "రెండూ తెరిచే ఉంచు అబ్బయా, లేకపోతే మధ్యాహ్నానికి తలనొప్పి పట్టుకుంటది" అన్నాడు సీనియర్. తెరిచా. కుడి కంటికి రొయ్యపిల్ల, ఎడమ కంటికి బల్ల మీది రిజిస్టరు. కాసేపు రొయ్యపిల్లే. ఉన్నట్టుండి దాని చోట రిజిస్టరు గళ్లు. మళ్లీ రొయ్యపిల్ల. మారేటప్పుడు మాత్రం అతుకులబొంతలా కాస్త అదీ, కాస్త ఇదీ. స్లైడూ రిజిస్టరూ ఉన్నచోటే ఉన్నాయి మరి!

రెండు కళ్లు చూసేవాటి మధ్య తేడా కొంచెమే అయితే మెదడు వాటిని కలిపి లోతు చూపిస్తుంది. 1838లో ఇంగ్లండు శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టన్, ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చూపించే స్టీరియోస్కోపు అనే పరికరంతో తేల్చింది అదే. అసలు పొంతనే లేకపోతే ఒకదాన్ని అణిచి ఒకదాన్ని పైకి తెస్తుంది. కొన్ని సెకన్లకు వంతు మారుతుంది. గీతలు కొట్టొచ్చినట్టున్నది, కదిలేది ఎక్కువసేపు నెగ్గుతుంది. అందుకే రిజిస్టరు తీసేసి నల్ల అట్ట పెట్టా, గొడవ సద్దుమణిగింది. (గళ్ల చొక్కా చెయ్యి అక్కడ ఆనించినా మళ్లీ మొదలే.)

ఇక గీయని గీతలు. మార్కాపురం పలక ఉంటే తీసుకోండి. త్రిభుజం మూలల్లో ఉన్నట్టు సుద్దతో రూపాయి బిళ్లంత నిండు చుక్కలు మూడు పెట్టండి. ఒక్కో చుక్కలో, మిగతా రెండింటి వైపు తిరిగిన భాగాన్ని కేకు ముక్క ఆకారంలో తుడిచెయ్యండి. మధ్యలో పలక కన్నా నల్లగా ఒక త్రిభుజం, అంచులతో సహా కనిపిస్తుంది. చుక్కల్ని చేత్తో మూస్తే అంచులు మాయం.

ఇటలీ సైకాలజిస్టు గయెటానో కనిజ్జా 1955లో ఇలాంటి త్రిభుజాన్నే చూపించాడు. మూడు చుక్కలూ సరిగ్గా ఒకేలా తెగాయని నమ్మడం కన్నా, వాటి ముందు ఏదో అడ్డం ఉందనుకోవడమే మెదడుకు తేలిక. 1984లో కోతుల మీద చేసిన పరిశోధనలో, మెదడులో వీ2 అనే భాగంలోని కొన్ని కణాలు ఇలా లేని అంచులకు కూడా స్పందించాయని తేలింది.

దీన్ని కంటి మోసం అంటే నాకు నచ్చదు. గుంటలో నాచు చాటున తలా తోకా మాత్రమే కనిపిస్తే రెండు ముక్కల రొయ్య అని ఎవరూ అనుకోరుగా, ఇదీ అలాంటి ఊహే. కాకపోతే అది ఊహ అని తెలిసినా పోదు. మా పాప ఆ త్రిభుజాన్ని చెరపబోయి, తడిగుడ్డతో పలకంతా తుడిచేసింది.