ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: దూరమెంత, ప్రయాణం ఎన్ని గంటలు?

ప్రశ్న: మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్నాడు. విజయవాడ నుంచి ఢిల్లీ మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో రమ్మంటున్నాడు. ఢిల్లీకీ అక్కడికీ మధ్య దూరం ఒకచోట 12,400 కిలోమీటర్లనీ, మరొకచోట 15,000 పైచిలుకనీ చదివాను. ఏది నిజం? వేసవిలో తెల్లవారుజామున మూడింటికి బయలుదేరిన విమానం అదే రోజు ఉదయం ఆరున్నరకు చేరుతుందని టికెట్టులో ఎలా ఉంటుంది?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, మీరు చదివిన అంకెలు రెండూ సరైనవే. సుమారు 12,400 కిలోమీటర్లనేది భూగోళం మీద ఆ రెండు ఊళ్లనూ కలిపే అతి దగ్గరి దారి. గ్లోబు మీద రెండు చోట్లా దారం బిగించి పట్టుకుంటే, అది హిమాలయాలు, టిబెట్, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువ ప్రాంతాన్ని తాకి, అలాస్కా వైపు నుంచి కిందికి దిగడం మీకే కనిపిస్తుంది.

ఆ గీత వెంబడి విమానాలు నడవకపోవడానికి గట్టి కారణాలున్నాయి. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే పైలట్ విమానాన్ని వెంటనే దాదాపు 3,000 మీటర్ల ఎత్తుకు దించాలి. టిబెట్ పీఠభూమిలో నేలే సగటున 4,500 మీటర్ల ఎత్తున ఉంటుంది కనుక అంత కిందికి దిగే వీలుండదు. రెండు ఇంజన్ల విమానమైతే, ఒక ఇంజన్ ఆగిపోయినా నిర్ణీత సమయంలో చేరగలిగే విమానాశ్రయం దారి పొడవునా అందుబాటులో ఉండాలి. వీటికి తోడు దేశాల మధ్య తగాదాలు. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ మన విమానాలకు తన గగనతలాన్ని మూసివేశాక, ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే కొన్ని సర్వీసులు యూరప్‌లో ఆగి ఇంధనం నింపుకోవలసి వచ్చింది.

ఇక కాలం సంగతికి వస్తే, దూరంతో పాటు గాలినీ లెక్కలోకి తీసుకోవాలి. విమానాలు ఎగిరే ఎత్తులో జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలులు పడమర నుంచి తూర్పుకు వీస్తాయి, చలికాలంలో మరింత ఉధృతంగా. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఈ సర్వీసును అట్లాంటిక్ దారి మాన్పించి, పసిఫిక్ మీదుగా తూర్పు దిక్కుకు మళ్లించింది. దారి దాదాపు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది. అయినా గాలి వెనక నుంచి తోడవడంతో ప్రయాణం ఇంచుమించు రెండు గంటలు తగ్గి, పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది. మీరు చదివిన పెద్ద అంకె ఈ దారిదే.

టికెట్టులోని బయలుదేరే, చేరే వేళలు ఏ ఊరివి ఆ ఊరి గడియారం ప్రకారం వేస్తారు. వేసవిలో కాలిఫోర్నియా మనకంటే పన్నెండున్నర గంటలు వెనక, చలికాలంలో పదమూడున్నర. మూడింటికి బయలుదేరి పదహారు గంటలు ప్రయాణిస్తే మనకు రాత్రి ఏడవుతుంది. అక్కడ అదే రోజు ఉదయం ఆరున్నర. అందుచేత, విమానంలో కూర్చోవలసిన గంటలు తెలియాలంటే రెండు వేళల్లో ఒకదాన్నుంచి ఒకటి తీసివేయకుండా, ప్రయాణ వ్యవధి అని విడిగా ఇచ్చినదాన్నే చూడండి.

తిరుగు ప్రయాణంలో లెక్క తారుమారవుతుంది. అక్కడ ఉదయం పదింటికి ఎక్కితే, పదహారు గంటల ప్రయాణమైనా ఢిల్లీలో దిగేది మరునాడు మధ్యాహ్నం రెండున్నరకు. గన్నవరం విమానానికి ఆ మరునాటి తేదీ వేసే టికెట్టు తీసుకోండి. ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీలు ఢిల్లీలోనే జరుగుతాయి కాబట్టి నడుమ నాలుగు గంటల వ్యవధి ఉంచుకోవడం మంచిది.