300 ఓమ్స్ మైకు, 3000 ఓమ్స్ ప్రీయాంప్: అల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి అల్లుడికి, నెల్లూరు నుంచి మామయ్య ఆశీస్సులు.

కావలిలో గది అద్దెకు తీసుకుని హరికథలు రికార్డు చేస్తానన్నావు, సంతోషం. బాలసుబ్రహ్మణ్యం గారి నాన్న సాంబమూర్తి గారు హరికథలు చెప్పిన జిల్లా ఇది. ఆ పని ఇప్పుడైనా ఎవరో ఒకరు తలకెత్తుకోవాల.

నువ్వడిగిన సంగతికి వస్తా. ఇంపెడెన్స్, అంటే సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు, మైకు కాగితంలో 300 ఓమ్స్, ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) కాగితంలో 3000 ఓమ్స్ అని ఉండాది, రెండూ కలవలేదు, మధ్యలో మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలా అన్నావు. కొనబాక. అవి కలవకుండా ఉండటమే నీకు కావాల్సింది.

రెండు పక్కలా ఇంపెడెన్స్ సమానంగా ఉండాలనేది టెలిఫోన్ లైన్ల కాలం నాటి లెక్క. మైళ్ల కొద్దీ తీగల మీద శక్తి పూర్తిగా అందాలని ఆ చివరా ఈ చివరా 600 ఓమ్స్ పెట్టేవాళ్లు. మనకు మైకు నుంచి కావాల్సింది శక్తి కాదు, వోల్టేజీ. మేడ మీది ట్యాంకుకు ఒక్క కుళాయి సన్నంగా తిప్పితే నీళ్ల ఒత్తిడి నిలుస్తుంది, ఇంట్లో కుళాయిలన్నీ ఒక్కసారి తిప్పితే పడిపోతుంది. ప్రీయాంప్ (ఇంటర్‌ఫేస్ లోపల మైకు సిగ్నల్‌ను పెంచే భాగం) ఓమ్స్ ఎక్కువ ఉండటమంటే కుళాయి సన్నంగా తిప్పినట్టు. రెండూ సమానం చేశావంటే మైకు ఇచ్చే వోల్టేజీలో సగం దాని లోపలే పోతుంది. అంటే 6 డీబీ (డెసిబెల్, శబ్దం హెచ్చుతగ్గుల కొలత). డబ్బు పెట్టి మరీ పోగొట్టుకోవడం ఎందుకు?

మైకు ఓమ్స్‌కు ప్రీయాంప్ ఓమ్స్ అయిదు రెట్లు తగ్గకుండా, కుదిరితే పది రెట్లు ఉంటే చాలు. నీది షూర్ వాళ్ల ఎస్‌ఎమ్58, కరెంటు అక్కర్లేని డైనమిక్ రకం మైకు కదా, దాని కాగితంలో రేటెడ్ 150, యాక్చువల్ 300 అని రెండంకెలు ఉంటాయి. లెక్కకు 300 తీసుకో. (ఒరిజినల్ అయితేనే ఈ అంకెలు. 1966లో వచ్చిన ఆ మైకుకు ఇప్పుడు బజారులో నకళ్లు చాలానే ఉండాయి.) 3000 ఓమ్స్ ప్రీయాంప్‌లో పెడితే నూటికి 91 వంతులు అందుతాయి, నష్టం 0.8 డీబీ. అదే 1500 ఓమ్స్ ప్రీయాంప్ అయితే 83 వంతులు, నష్టం 1.6 డీబీ. ఆ రెండు ప్రీయాంప్‌లకూ మధ్య తేడా ముప్పాతిక డీబీ.

ఇప్పుడు మైకుకు 20 సెంటీమీటర్ల దూరంలో నోరు పెట్టి మాట్లాడు, తర్వాత 18కి జరుగు. ఆ రెండు సెంటీమీటర్లకే 0.9 డీబీ పెరుగుతుంది. హరికథ చెప్పేవాళ్లు కూర్చుని చెప్పరు కదా. కాళ్లకు గజ్జెలు కట్టి, చేతిలో చిడతలు పట్టి, ముందుకీ వెనక్కీ అడుగులేస్తా ఉంటారు. 20 నుంచి 40కి పోతే 6 డీబీ పోయినట్టే. నీ బుర్ర పెట్టాల్సింది అక్కడ. అడుగు ఎంత మేర పడుతుందో ముందు రోజే ఒక అరగంట కథ చెప్పించి చూసుకో, నేల మీద సుద్దగీత గీసుకో. చిడతలు ఏ చేతిలో పడతారో చూసి, మైకును దానికి అవతలి పక్కకు జరుపు.

కండెన్సర్ మైకుల (కరెంటు ఇస్తేనే పనిచేసే రకం) గురించి పెద్దగా చెప్పేదేం లేదు. లోపల సర్క్యూటే ఉంటుంది కాబట్టి ఔట్‌పుట్ 50 నుంచి 200 ఓమ్స్ లోపే ఉంటుంది. న్యూమన్ టీఎల్‌ఎమ్ 103కి 50 ఓమ్స్, ప్రీయాంప్ 1000 ఓమ్స్ ఉంటే చాలంటారు. 48 వోల్టుల ఫాంటమ్ (మైకు వైరులోనే ఇంటర్‌ఫేస్ పంపే కరెంటు) ఇచ్చి పని చూసుకోవడమే.

నిజంగా తిప్పలు పెట్టేది వయొలిన్. పక్కవాద్యం ఆయన బ్రిడ్జి కింద పీజో పికప్ (కదలికను సిగ్నల్‌గా మార్చే చిన్న బిళ్ల) పెట్టించుకుని ఉంటే దాని వైరు తెచ్చి నీ చేతిలో పెడతాడు. కన్వర్టర్ పిన్ను తగిలించి దాన్ని మైకు సాకెట్లో గుచ్చబాక. పీజో అంటే కెపాసిటర్ లాంటిది. దాని కెపాసిటీ 10 నానోఫారడ్లు అనుకో. 3000 ఓమ్స్ ఇన్‌పుట్‌లో పెడితే 5300 హెర్ట్జ్ కింద ఉన్నదంతా దిగిపోతా వస్తుంది. రాగమంతా ఆ కిందే ఉండాది! వినపడేది కమాను గీరుడు ఒక్కటే. అందరూ పికప్‌ను తిడతారు, దాని తప్పు ఏమీ లేదు. అదే వైరును నీ ఇంటర్‌ఫేస్ మీద గిటార్ బొమ్మో, ‘ఇన్‌స్ట్’ అనో ఉన్న ఇన్‌పుట్‌లో పెట్టు. అది మామూలుగా పది లక్షల ఓమ్స్ దగ్గర ఉంటుంది, కోత 16 హెర్ట్జ్ దగ్గరికి దిగిపోతుంది, మంద్రం నిండుగా వస్తుంది. వైరు దూరం లాగాల్సి వస్తే వాద్యం పక్కనే డీఐ బాక్స్ (వాద్యం సిగ్నల్‌ను మైకు వైరుకు తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) పెట్టి, అక్కణ్ణుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైకు) వైరు లాగు. పీజోకు కొనేటప్పుడు డీఐ ఇన్‌పుట్ కూడా పది లక్షల ఓమ్స్‌కు తగ్గకుండా ఉండాదా అని అడుగు. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే ఉండే చవక డీఐలలో అంత ఉండదు. అసలు ఆ వయొలిన్ ముందు ఒక కండెన్సర్ పెట్టడమే నాకిష్టం, గది నిశ్శబ్దంగా ఉంటే.

భజన మందిరం వాళ్లిచ్చిన పాత మైకు గొంతుకు అందం ఇస్తుందని రాశావు. అది హై ఇంపెడెన్స్ రకమేమో చూడు. అట్టాంటివి 50,000 ఓమ్స్ వరకూ ఉంటాయి, వైరు చివర లావుపాటి జాక్ ఉంటుంది. దాన్ని మైకు సాకెట్లో పెడితే 25 డీబీ పోతుంది, గెయిన్ (సిగ్నల్ పెంచే మీట) ఎంత తిప్పినా బుస్సుమనే మోతే మిగులుతుంది. దాన్ని కూడా ఇన్‌స్ట్ ఇన్‌పుట్‌లోనే పెట్టు, కానీ వైరు పొడవు చూసుకో. వైరుకు కూడా కెపాసిటీ ఉంటుంది, మీటరుకు 100 పికోఫారడ్లు అనుకుంటే, 10 మీటర్ల వైరుతో 3200 హెర్ట్జ్ నుంచే పై స్వరం రాలిపోతుంది, శకారం సకారం రెండూ మొద్దుబారతాయి. మూడు మీటర్లకు తగ్గిస్తే 10,000 దాకా నిలుస్తుంది. అదే పది మీటర్ల వైరు నీ ఎస్‌ఎమ్58కి ఏమీ చెయ్యదు. తక్కువ ఇంపెడెన్స్ మైకులు రావడానికి అసలు కారణం ఇదే.

ఒకటి గట్టిగా చెప్తా. ఇంటర్‌ఫేస్‌లో రెండే సాకెట్లు ఉండాయని, హార్మోనియం మైకునూ మృదంగం మైకునూ వై వైరుతో కలిపి ఒకదాంట్లో పెట్టేవాళ్లు మన దగ్గర చాలామంది. అప్పుడు ఒక మైకుకు రెండో మైకు 300 ఓమ్స్ కూడా భారమవుతుంది. రెండూ సగం కంటే కిందికి పడిపోతాయి, తర్వాత విడదీయడానికీ కుదరదు. చిన్న మిక్సర్ అద్దెకు తెచ్చుకో.

రిబ్బన్ మైకు (లోపల పలచని లోహపు రేకు ఊగి సిగ్నల్ ఇచ్చే రకం) ఎవరైనా చేతికిస్తే, దానికి మాత్రం ప్రీయాంప్ ఓమ్స్ ఎంత ఎక్కువైతే అంత మంచిది. కింది స్వరాల దగ్గర రిబ్బన్ ఊగే చోట దాని ఇంపెడెన్స్ బాగా పెరుగుతుంది. ప్రీయాంప్ తక్కువదైతే బేస్ పలచబడుతుంది. వైరు తగిలించక ముందే ఫాంటమ్ ఆపావా లేదా చూసుకో, వైరులో ఎక్కడన్నా షార్టుంటే రిబ్బన్ పోతుంది. ఓమ్స్ కొలుద్దామని మల్టీమీటర్ కూడా పెట్టబాక, అది కొలిచేది డీసీ రెసిస్టెన్స్ కానీ ఇంపెడెన్స్ కాదు.

300, 600, 1200 అని ఇంపెడెన్స్ మార్చే మీట ఉన్న ఖరీదైన ప్రీయాంప్‌లు చూసుంటావు. తక్కువకు తిప్పితే డైనమిక్ మైకు స్వరం కొంచెం మారేది నిజమే. అది రుచి. ఆ డబ్బుతో గది తలుపుకు, కిటికీకి రబ్బరు కొట్టించు, ఫ్యాను రెగ్యులేటర్‌నూ ఇన్వర్టర్‌నూ నీ వైర్లకు దూరంగా మార్పించు. ఊళ్లలోకి పోయి రికార్డు చేసేటట్టయితే రొయ్యల గుంటల్లో మోత పెట్టే ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) యాడ ఉండాయో ముందే కనుక్కో. సముద్రపు గాలికి జాకులు పచ్చబడతాయి, కొన్ని ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్నులు విడిగా కొని పెట్టుకో.

మొదటి రోజు కథకుడి గొంతు గట్టిగా లేచిన చోట మీటర్ మైనస్ 12 డీబీ దాటకుండా గెయిన్ పెట్టు. ఎస్‌ఎమ్58 ఇచ్చేది 94 డీబీ శబ్దానికి 1.85 మిల్లీవోల్టులే, కాబట్టి గెయిన్ మీట సగం పైకి పోయిందని కంగారు పడబాక. రికార్డింగ్‌లో ఒక పది నిమిషాలు నాకు పంపు, ఎంపీ3 కాదు, వేవ్ ఫైలే.

ఇట్లు,
మీ మామయ్య