ఏజెంట్ తన గురించి పొరుగుకు తెలిసిన విలువనే వాడాలి

ప్రశ్న: నెట్‌వర్క్‌లోని ఏజెంట్లు (రోబోల వంటి, సొంతంగా నిర్ణయం తీసుకునే పరికరాలు) సగటు విలువ వద్ద ఏకాభిప్రాయానికి రావడానికి, నిర్ణీత వ్యవధికి కాకుండా అవసరమైనప్పుడే సందేశం పంపే ఈవెంట్-ట్రిగర్డ్ కంట్రోల్ వాడితే నిజంగా లాభం ఉంటుందా?

ఉంటుంది. అయితే సందేశాలు తగ్గించే తొందరలో సగటునే పోగొట్టుకునే ప్రమాదం ఉంది. అది నాకు ఎదురైంది కనుక ముందు దాని గురించే చెబుతాను.

మా ప్రయోగంలో చక్రాల మీద నడిచే ఆరు చిన్న రోబోలు ఉండేవి. ఒక్కొక్కటి ఒక్కో సమాంతర గీత మీద ముందుకో వెనక్కో కదిలి, చివరికి ఆరూ తమ తొలి స్థానాల సగటు దగ్గర ఒకే వరుసలో నిలబడాలి. సందేశాల వరకు అవి ఒక వలయం. ప్రతి రోబో తనకు అటూ ఇటూ ఉన్న రెండింటితోనే మాట్లాడుతుంది. తాను చివరిసారి ప్రకటించిన స్థానానికీ ఇప్పుడున్న స్థానానికీ మధ్య తేడా ఒక హద్దు దాటితేనే కొత్త స్థానాన్ని ప్రకటిస్తుంది. ఆ హద్దు 20 సెంటీమీటర్లతో మొదలై కాలంతో పాటు తగ్గుతూ పోతుంది. ఐదింటిని 1 మీటరు గుర్తు దగ్గర, ఆరోదాన్ని 7 మీటర్ల గుర్తు దగ్గర ఉంచాను. సగటు 2 మీటర్లు కనుక అక్కడ నేల మీద తెల్లటి టేపు అంటించాను.

ఆరూ చక్కగా ఒకే వరుసలో ఆగాయి, కానీ టేపుకు దాదాపు మూరెడు దూరంలో. చక్రాలు జారుతున్నాయనుకుని రెండు రోజులు టైర్లు తుడుస్తూ, చక్రాల తిరుగుడును కొలిచే ఎన్‌కోడర్లు సరిచూస్తూ గడిపాను. చివరికి రోబోలను పక్కన పెట్టి అదే కోడ్‌ను కంప్యూటర్‌లో నడిపితే అక్కడా తేడా వచ్చింది. హద్దును సగం చేస్తే తేడా కూడా తగ్గింది. తప్పు చక్రాలది కాదని అప్పుడు తేలింది.

తన ప్రస్తుత స్థానం ఏ రోబోకైనా ఎప్పుడూ తెలుసు కాబట్టి, దాని నుంచి పొరుగు రోబో చివరిసారి ప్రకటించిన స్థానాన్ని తీసివేసి వేగం నిర్ణయించేలా రాశాను. తాజా విలువ చేతిలో ఉండగా పాతది ఎందుకని నా ఆలోచన. కానీ సగటు చెక్కుచెదరకుండా ఉండాలంటే, ఒక జతలో మొదటిది రెండోదాని వైపు ఎంత వేగంతో జరుగుతుందో, రెండోది మొదటిదాని వైపు సరిగ్గా అంతే వేగంతో జరగాలి. రెండూ తమ విషయంలో తాజా విలువనూ, ఎదుటిదాని విషయంలో పాత విలువనూ వాడితే ఆ సమానత్వం ఉండదు. క్షణక్షణానికీ స్థానాల మొత్తంలో కొంత చేరుతూనో జారుతూనో ఉంటుంది. ఇద్దరూ ప్రకటించిన విలువలనే వాడితే మొత్తం కదలదు. సేబోత్, డిమరోగోనాస్, యోహాన్సన్ 2013లో ఆటోమాటికా పత్రికలో ప్రచురించిన వ్యాసంలో సూత్రం ఇలాగే ఉంది. అందులో స్థానం గుర్తు మీద పెట్టిన చిన్న టోపీకి ‘చివరిసారి ప్రకటించిన విలువ’ అని అర్థం; దాన్ని నా కన్ను ప్రతిసారీ దాటేసింది. కోడ్‌లో ఒక్క పంక్తి మార్చగానే ఆరూ టేపు మీదికి వచ్చి నిలబడ్డాయి.

హద్దు తగ్గే వేగానికీ ఒక నియమం ఉంది: ఎవరు ఎవరితో మాట్లాడతారో చూపే పట్టికైన లాప్లాసియన్ మాత్రికకు ఐగెన్ విలువలనే లక్షణ సంఖ్యలు ఉంటాయి; హద్దు తగ్గే వేగం వాటిలో రెండో అతి చిన్నదాని కంటే తక్కువగా ఉండాలి. రోబోలు ఎంత త్వరగా దగ్గరవుతాయో చెప్పేది అదే. ఆరింటి వలయానికి ఆ విలువ 1, మేము 0.5 వాడాము. దాన్ని మీరితే రోబోలు దగ్గరయ్యే వేగం కంటే హద్దు కుంచించుకుపోయే వేగమే ఎక్కువై, కొంతసేపటికి గడియారం కొట్టిన ప్రతిసారీ సందేశం పంపాల్సి వస్తుంది.

ఇక లాభం సంగతి. ఈ పద్ధతిని 10 మిల్లీసెకన్లకొకసారి సందేశం పంపే పద్ధతితో పోల్చి, ఇన్ని రెట్లు ఆదా అని చూపించే పటాలను నేను అంగీకరించను. ఆ వలయంలోనే అతి పెద్ద ఐగెన్ విలువ 4. అందువల్ల 0.4 సెకన్లకొకసారి మాత్రమే మాట్లాడుకున్నా, ప్రతి అడుగులో రోబోల మధ్య విభేదం కనీసం 40 శాతం తగ్గుతుంది (0.4ను ఐగెన్ విలువలు 1తో, 4తో గుణించి 1 నుంచి తీసేస్తే 0.6, −0.6 వస్తాయి; మిగతావి వాటి మధ్యే ఉంటాయి). పోల్చాల్సింది దానితో. అలా పోలిస్తే, దగ్గరికి చేరే దశలో ఆదా స్వల్పమే. అసలు ఆదా ఏకాభిప్రాయం కుదిరి అందరూ నిశ్చలంగా ఉండే సుదీర్ఘ సమయంలో వస్తుంది. అప్పుడు కూడా హద్దును పూర్తిగా సున్నాకు పోనివ్వకూడదు. సెన్సర్ల నాయిస్‌కే, అంటే కొలతల్లోని చిన్న చిన్న తడబాట్లకే, సందేశాలు మొదలవుతాయి కనుక చిన్న స్థిర భాగం ఒకటి కలపాలి.

బ్యాటరీ గురించి కూడా చాలామంది పొరబడుతున్నారు. సీసీ2420 వంటి రేడియో చిప్ పూర్తి శక్తితో పంపడానికి 17.4 మిల్లీయాంపియర్లు తీసుకుంటే, వినడానికి 18.8 తీసుకుంటుంది. సందేశం ఎప్పుడు వస్తుందో తెలియని ఏజెంట్ రేడియోను తెరిచి ఉంచక తప్పదు. నిర్ణీత వ్యవధి పద్ధతిలో మాత్రం మధ్యలో నిద్రపోవచ్చు. కాబట్టి మీ ఏజెంట్లన్నీ ఒకే రద్దీ ఛానల్‌ను పంచుకుంటున్నట్లయితే ఈవెంట్-ట్రిగర్డ్ పద్ధతినే ఎంచుకోండి. మీ చింత బ్యాటరీ అయితే, తర్వాత ఎప్పుడు మాట్లాడతాడో ప్రతి ఏజెంట్ ముందే లెక్కగట్టి చెప్పే సెల్ఫ్-ట్రిగర్డ్ పద్ధతిని పరిశీలించండి.